పొగ డాక్టరు కొన్న తెల్ల బండి

పొగ డాక్టరు గురించి ఒక మాట చాలా ఏళ్ళుగా తిరుగుతోంది. కళ్ళకు గుడ్డ కట్టి డీజిలు బండి వెనక నిలబెడితే, పొగ ఒక్కసారి పీల్చి, ఇంజను వయసు, తిరిగిన దూరం, బండిని మొదట కొన్నవాడి పేరు ఇంటిపేరుతో సహా చెప్పేశాడట. కళ్ళారా చూసినవాళ్ళు ఎవరయ్యా అంటే ఎవరూ లేరు. చూసినవాడి బావమరిదిని ఎరిగినవాళ్ళు మాత్రం వీధికి నలుగురున్నారు. ఈ మాట ఎక్కడ పుట్టిందో ఆరా తీద్దామని బయల్దేరితే, అడిగిన ప్రతివాడి వేలూ చుట్టూ తిరిగి చివరికి పొగ డాక్టరు ఇంటి గుమ్మాన్నే చూపించింది.

ఆయన డాక్టరు కాడు సరే, మెకానిక్కు కూడా కాడు. ఇంటింటికీ వెళ్ళి నీళ్ళ మీటరు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగి. యాభై దాటాక దగ్గరి చూపు మందగించింది. కళ్ళద్దాలు పెడితే ముసలాడంటారని పెట్టడు. అందుకని మీటరు ముందు వంగి, మూత తుడిచి, పెద్ద రహస్యం తెలిసినట్టు తలాడించి, పోయిన నెల అంకెకి నోటికొచ్చింది కలిపి రాసేస్తాడు. ఆరు నెలలుగా తాళం వేసి ఉన్న ఇంట్లో కూడా ఆయన లెక్క ప్రకారం మూడు పూటలా స్నానాలు జరుగుతూనే ఉన్నాయి.

ఇలాంటి మనిషిని వీధి వీధంతా పాత బండ్ల గురించి సలహా అడుగుతుంది. ఎందుకంటే చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. సెలూన్లో మొదలుపెట్టాడంటే సగం గడ్డం గీయించుకున్నవాడు మిగతా సగం మాట మర్చిపోయేవాడు. పాత డీజిలు బండి చూడ్డానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళాలంటాడు. ముందు బానెట్ మీద చెయ్యి వెయ్యాలి. వెచ్చగా తగిలిందా, ఎవడో ముందే స్టార్టు చేసి రోగం దాచాడన్నమాట. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకి అందుకోవాలి. నల్ల పొగైతే డీజిలు సరిగా కాలడం లేదు, నీలం పొగైతే ఆయిలు తాగేస్తోంది, తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే లోపలికి నీళ్ళు దిగుతున్నాయి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడాలి, అది కుక్కరులా బుసకొడితే ఒక దండం పెట్టి ఇంటికొచ్చెయ్యాలి. తాళం తిప్పగానే లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగని లైటుంటే దాని నోరు ఎవరో నొక్కేశారన్నమాట. ఇదంతా నిజమే. ఉన్నమాట ఒప్పుకోవాలి, ఆయన చెప్పేదాంట్లో వంక పెట్టడానికి లేదు. వంకంతా ఆయన చేసేదాంట్లోనే ఉంది.

నాలుగేళ్ళ కిందటి దాకా ఆయనకూ ఒక డీజిలు బండి ఉండేది. ఏడుగురు పట్టే బూడిద రంగు బండి. భార్య చెల్లెలి పెళ్ళికి అందులోనే కొండ మీది ఊరికి బయల్దేరారు. మూడో మలుపు దగ్గర బండి ఒక్క దగ్గు దగ్గి చతికిలబడింది. వీళ్ళు చేరేసరికి పెళ్ళివాళ్ళు కుర్చీలు మడిచి ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. చెల్లెలు పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే పెళ్ళి ఫోటోల పుస్తకం ఈ చివర నుంచి ఆ చివరకి తిరగేసినా అక్క ఎక్కడా కనిపించదు. ఆ రోజు ఇంటికొచ్చి భార్య ఒక్క మాట అంది, ఇకమీద ఈయన ఎంచిన బండి చచ్చినా ఎక్కనని. ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆమె కుట్టు ఎంత గట్టిదో మాటా అంత గట్టిది. నాలుగేళ్ళూ బస్సులోనే తిరిగింది.

ఆ బండిని పొగ డాక్టరు ఒక కోళ్ళ ఫారం ఆసామికి అంటగట్టిన వైభవం వేరే చెప్పుకోవాలి. పొగ అణగడానికి ఇంజన్లో జిగురులాంటి చిక్కటి ఆయిలు పోశాడు. ఆసామి వచ్చేముందు అరగంట స్టార్టు చేసి ఉంచి, తర్వాత బానెట్ మీద తడి దుప్పట్లు కప్పి చల్లబరిచాడు. తిరిగిన దూరం చూపే మీటరు లక్షా అరవై వేల నుంచి తొంభై వేలకు తిప్పించాడు. ఇంజను బాగాలేదని మొత్తుకునే పసుపు లైటు మీద, ఆఫీసులో మీటరు పైపులకు చుట్టే నల్ల టేపు గోరంత ముక్క అంటించాడు. నల్ల పలక మీద నల్ల ముక్క, ఎవడికి కనిపిస్తుంది? ఇంత చేసి కడుపులో దాచుకున్నాడా అంటే అదీ లేదు. రెండు నెలలు సెలూన్లో కూర్చుని తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఈ ఏడాది చెల్లెలికి బిడ్డ పుట్టింది. అక్కని రమ్మని కబురు వచ్చింది. భార్య ఇన్ని యూనిఫారాల మధ్యలో తీరిక చేసుకుని పది చిట్టి చొక్కాలు కుట్టింది. పొగ డాక్టరు ఆమె మిషను చుట్టూ వారం రోజులు తిరిగాడు. పెళ్ళినాటి మచ్చ చెరిపేసుకోవాలని ఆయన ఆరాటం. ఈ ఒక్కసారి తను కొన్న బండెక్కి కొండెక్కితే చాలు, ఇంట్లో పోయిన పరువు తిరిగొస్తుంది. లేదంటే వీధికంతా డాక్టరు, భార్యకి మాత్రం రోగి. చివరికి ఆమె మిషను ఆపకుండానే ఒప్పుకుంది.

"ఈ ఒక్కసారికే ఎక్కుతా. కానీ మన వీధి మూలమీది మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి. కళ్ళద్దాలు కూడా తీసుకెళ్ళండి."

సరేనన్నాడు. రెండూ తీసుకెళ్ళలేదు.

బండ్ల బేరగాడి షెడ్డులో ఒక తెల్ల బండి ఉంది. కొత్త రంగు ఎంత మందంగా పూశారంటే, తలుపు సందుల్లో అట్టులా మడత పడింది. బేరగాడు ఈయన్ని చూడగానే చేతులు నలుపుకుంటూ, డాక్టరుగారికి బండి చూపించాలంటే గుండె దడదడలాడుతోందన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఆయన జానెడు ఎత్తు పెరిగాడు. ఇక కింద ఉన్నవేవీ కనిపించలేదు.

బానెట్ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. ఇందాకటిదాకా ఎండలో పెట్టానన్నాడు బేరగాడు. బయట పొద్దుటినుంచీ ముసురు. అయినా ఆయన తలూపాడు. ఇంజను స్టార్టు చేయించి, వెనక గొట్టం దగ్గర గొంతుక్కూర్చుని పొగ పీల్చి, కళ్ళు మూసుకుని, పసిపిల్ల ఊపిరిలా ఉందన్నాడు. తాళం తిప్పినప్పుడు ఒక లైటు వెలగలేదు. ఒక లైటు తక్కువంటే ఒక రోగం తక్కువని అర్థం చెప్పాడు. సెలూన్లో తను చెప్పిందానికి ఇది సరిగ్గా తలకిందులని ఆయనకి తట్టనే లేదు. మీటరు అరవై ఎనిమిది వేలు చూపిస్తోందని బేరగాడు చదివి వినిపిస్తే సంబరపడ్డాడు.

తర్వాత జరిగింది మాత్రం విడ్డూరం. ముందు సీటు ఎదురుగా ఉన్న డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది. ఆయన మాటల్లో ఉండగానే చెయ్యి దానంతటదే వెళ్ళి, ఎడమవైపు కింది మూలన పిడికిలితో ఒక్కటిచ్చింది. మూత టక్కున తెరుచుకుంది.

బేరగాడు నోరు తెరిచాడు. "మూణ్ణెల్లుగా అది రావట్లేదండీ. మీకెలా తెలిసింది?"

"బండ్లు నాతో మాట్లాడతాయయ్యా," అన్నాడు పొగ డాక్టరు.

వెనక తలుపును కాస్త పైకెత్తి తోస్తే గానీ పడదు. అది కూడా ఆయన మొదటిసారికే పైకెత్తి తోశాడు. బేరగాడికి నిజంగానే భయం వేసింది. కాగితాలు తెచ్చి, ముందు యజమానుల పేర్లన్నీ ఇందులో ఉన్నాయి, చూసుకోమన్నాడు. ఆయన వాటిని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూశాడు, ఇంకా దూరం పెడదామంటే చెయ్యి చాలలేదు. కాగితాలు చదవడం గుమాస్తాల పని, తను బండిని చదువుతానని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ ఒక యోగ్యతాపత్రం కూడా ఇచ్చాడు.

"దీన్ని మొదట వాడినవాడు ఎవడో గానీ, మహా నిజాయితీపరుడు."

మర్నాడు పొద్దున బయల్దేరారు. ముందు సీట్లో సామాన్లు పెట్టి, భార్య వెనక కూర్చుంది, చొక్కాల సంచి ఒళ్ళో పెట్టుకుని. ఊరు దాటకముందే ఆమె వేళ్ళు సీటు అంచు కింద దేనికో తగిలి ఆగిపోయాయి. వంగి చూసింది. జానెడు చిరుగు, దాని మీద ముదురు ఎరుపు దారంతో అడ్డంగా వేసిన కుట్లు. ఒకప్పుడు బూడిద రంగు దారం అయిపోయి, ఆ ఏటి యూనిఫారాల దారంతో వేసిన కుట్లు. ఎవరి కుట్టు వాళ్ళకి తెలియదా? ఆమె కళ్ళద్దాలు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏమిటలా ఉన్నావని ఆయన అడిగితే, ఏం లేదు, నడపండి అంది. నిజమేమిటో బండి నోటే చెప్పిద్దామనుకుంది కాబోలు.

మొదటి మలుపు ఎక్కింది. రెండోది మూలుగుతూ ఎక్కింది. మూడో మలుపు దగ్గర ఒక్క దగ్గు దగ్గి, తను పాత చోటికే వచ్చానని గుర్తుపట్టినట్టు ఆగిపోయింది. వెనకాల నీలం పొగ కొండనే కప్పేసింది. ఎంత పొగంటే, దారినపోయే మేకలు చీకటి పడిందనుకుని ఇంటిముఖం పట్టాయట.

ఎత్తు మీద గాలి పల్చగా ఉంటుందని ఆయన మొదలుపెట్టాడు.

"పసుపు లైటు వెలగలేదేం?" అంది భార్య.

"వెలగలేదంటే ఇంజను బాగున్నట్టేగా."

"దాని మీద గోరుతో గీకండి."

గీకాడు. గోరంత నల్ల ముక్క ఊడి వేలికి అంటుకుంది. పసుపు వెలుగు ఆయన మొహం మీద పడింది. ఆయన ఆ ముక్కని తిప్పి తిప్పి చూశాడు. ఆ టేపు ఆయనకి తెలియందా, ఇరవై ఏళ్ళుగా పైపులకు చుడుతున్నదే. భార్య తన కళ్ళద్దాలు తీసి ముందుకు చాచింది.

"ఇప్పుడు కాగితాలు చదవండి."

రోడ్డు పక్కన నిలబడి, ఆడవాళ్ళ కళ్ళద్దాలు ముక్కున పెట్టుకుని చదివాడు. బండి కోళ్ళ ఫారం దాటి, రాష్ట్రం ఎల్ల దాటి, నంబరు మార్చుకుని, రంగు పూసుకుని తిరిగొచ్చింది. యజమానుల వరసలో మొట్టమొదటి పేరు ఆయనదే, ఇంటిపేరుతో సహా. చక్కటి అక్షరాల్లో ఉంది.

అంతలో కింద నుంచి బస్సు వచ్చింది. భార్య చెయ్యెత్తింది.

"చెల్లెలి పెళ్ళికి మిమ్మల్ని నమ్ముకుని పోగొట్టుకున్నా. దాని బిడ్డని నేను వేళకే చూడాలి," అని సంచి తీసుకుని బస్సెక్కింది. కళ్ళద్దాలు వెనక్కి అడగలేదు. ఎండ ఉండగానే చేరింది. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని తీయించుకున్న ఫోటోలో అందరికంటే ముందు ఆమే ఉంది. ఆయన మాత్రం మూలమీది మెకానిక్ తాడు కట్టి లాక్కొచ్చేదాకా ఆ మలుపులోనే బండికి కాపలా ఉన్నాడు.

ఇదంతా బస్సు కండక్టరు చెప్పాడు, మెకానిక్ బలపరిచాడు. మేకల సంగతి మాత్రం మేకలవాడే చెప్పాలి. వారం తర్వాత సెలూన్లో ఎవరో కదిపితే, పొగ డాక్టరు అద్దంలోంచే అందరినీ ఒక చూపు చూశాడు.

"అంతా కట్టుకథ. నేనమ్మింది బూడిద రంగుది, ఇది తెలుపు. లోకంలో ఒకే పేరున్న మనుషులు ఇద్దరుండరా? మా ఆవిడకి బస్సంటే సరదా, అందుకని ఎక్కింది. అసలు మేం కొండకే వెళ్ళలేదు, మూడో మలుపు దగ్గర ఆగనూ లేదు. మా గుమ్మం ముందున్న బండెవరిదో నాకు తెలీదు."

మంగలి గడ్డం గీయడం ఆపి, మరి ముక్కు మీద ఆ కళ్ళద్దాలెవరివని అడిగాడు.

"ఏ కళ్ళద్దాలు?" అన్నాడు పొగ డాక్టరు.