కలశాలు తెగకూడదు

పెరుమాళ్‌సామి మామ తీసిన ఫోటోల్లో నిన్నమొన్నటి వరకూ ఒక్క మనిషికీ పాదాలు తెగలేదు. గోపురానికి కలశాలూ తెగలేదు. నలభై ఏళ్లుగా మదురై దక్షిణ మాసి వీధిలో స్టూడియో నడుపుతున్నాడు. మా తెలుగువాళ్ల వీధిలో ఆయన తీసిన పెళ్లి ఫోటో లేని గోడ వెతికినా దొరకదు. నా పెళ్లి ఫోటోలో ముక్కు వంకరగా పడిందని నేను ఇరవై ఆరేళ్లుగా అంటున్నాను. "ముక్కు పెట్టింది నేను కాదమ్మా, ఫోటో తీసింది మాత్రమే నేను" అని ఆయనా ఇరవై ఆరేళ్లుగా అంటున్నాడు.

స్టూడియో వెనక గోడకు ఒక తెర. దాని మీద రంగుల్లో మీనాక్షి అమ్మవారి గోపురం. అసలు గోపురం అక్కణ్ణుంచి కాసేపటి నడకే. అయినా మేలూరు నుంచీ తిరుమంగళం నుంచీ దర్శనానికి వచ్చినవాళ్లు బస్సెక్కే ముందు ఈ తెర ముందుకే వచ్చేవాళ్లు. వీధిలో తీస్తే మనిషి పడితే గోపురం పడదు, గోపురం పడితే మనిషి పడడు. తెర ముందు ఇద్దరూ పడతారు. అయితే చెప్పులు గుమ్మం బయటే విడవాలి. తెరకు వీపు చూపించే ముందు చేతులు జోడించి, "అమ్మా, ఒక్క నిమిషం" అని అడగాలి. అడక్కుండా తిరిగినవాళ్లను మామ భుజం పట్టుకుని మళ్లీ వెనక్కి తిప్పేవాడు. స్కూలు ఫోటోకి వెళ్లినప్పుడు నన్ను మూడుసార్లు తిప్పాడు. ఆ ఫోటోలో నాది కళ్లు తిరిగిన మొహమే.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. తెర మీద గోపురం పెచ్చులు పెచ్చులుగా రాలసాగింది. పోయిన ఆడి నెలలో ఒకరోజు మామ ఆ తెర చుట్టి చంకలో పెట్టుకుని, అటకకు నిచ్చెన వేశాడు. పక్క గదిలోనే నా కుట్టుమిషన్.

"దీపావళితో మూసేస్తా ఉండానమ్మా శ్రీమతీ" అన్నాడు నాతో.

అప్పుడే మధుమిత వచ్చింది. మా వీధి పేచ్చియమ్మాళ్ మనవరాలు. కాలేజీ చదువు ముగించి, చీరల షాపుల ప్రకటనల్లో మోడల్‌గా చేస్తోంది.

"మామా, షాపువాళ్లకి గోపురం ముందర, వీధిలో, జనంలో చీర ఫోటో కావాలంట. చెన్నై ఫోటోగ్రాఫర్ రాలేదు. నేను మీ పేరు చెప్పేసినా."

మామ నిచ్చెన సగంలో ఆగాడు. "ఇది కుదరకుంటే మూసేసేది ఖాయం."

"కుదిరితే?" అన్నాను.

"కుదిరితే ఈ తెర అటకెక్కదు."

జాకెట్టు కుట్టే పని నా మీద పడింది. నా పరువు పోయింది కూడా అక్కడే. మా ఇళ్లలో ఆడపిల్లకు జాకెట్టు కుడితే వచ్చే ఏడాదికీ, ఆ పై ఏడాదికీ పట్టేలా కుడతాం. మధుమితకు ఇరవై మూడేళ్లు, ఇక పెరగదని నాకు తెలుసు. నా చేతికే తెలియలేదు. పొద్దున ఏడింటికి దక్షిణ గోపురం నేరుగా కనబడే వీధిలో చూస్తే, ఆ జాకెట్టులో ఇంకో మనిషికి చోటుంది. షాపు తరఫున వచ్చిన ఇళంగో సంచిలోంచి బట్టలారేసే క్లిప్పులు తీసి, ఆ పిల్ల వీపు వెనక వరసగా బిగించాడు. ఇలాంటి ఫోటోల్లో ఇది మామూలేనట. పదకొండు పట్టాయి.

మామ కెమెరా ఎత్తాడు. కలశాలు తెగుతున్నాయి. వెనక్కి జరిగాడు. ఇంకా తెగుతున్నాయి. ఆటోలు హారన్ కొడుతుంటే జరిగి జరిగి, టీ కొట్టు బెంచీ ఎక్కి అప్పుడు నొక్కాడు. వెలుతురు కోసం తెల్లటి థర్మోకోల్ షీటు పట్టుకుని నిలబడ్డ నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఇళంగో ఆ ఫోటో చూసి, "సార్, పుడవై ఎంగే?" అన్నాడు. నిజమే, చీర ఎక్కడుందో దేవుడికే తెలియాలి. గోపురం కింద మధుమిత బొటనవేలంత ఉంది.

మామ ముందుకొచ్చాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? "చెప్పులు విడు కన్నూ. ముందు అమ్మను అడుగు" అన్నాడు.

మధుమిత చేతులు జోడించి గోపురం వైపు తిరిగింది. పదకొండు క్లిప్పులూ వీధికి దర్శనమిచ్చాయి.

"ఏమ్మా, బట్టలు ఆరేసినావా?" అంది పూలమ్మే కరుప్పాయి. టీ తాగేవాళ్లు కూడా నవ్వారు. "ఎవరు కుట్టిందీ?" అని ఎవరో అడిగితే, నేను మహా భక్తిగా గోపురం శిఖరం కేసి చూశాను.

మధుమితకూ నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే "అమ్మా, ఒక్క నిమిషం" అని గిరుక్కున తిరిగింది. పైట గాలిలో లేచింది, జరీ అంచు మీద ఎండ పడింది.

"అదే సార్! తీశారా?" అని అరిచాడు ఇళంగో.

"నిలబడనే లేదే, ఎట్ల తీసేది?" అన్నాడు మామ.

ఇళంగో వాచీ చూసుకున్నాడు. ఇంకో పావుగంట చూస్తాడట, లేదంటే వేరే మనిషిని పిలుస్తాడట. తిరుగుతుండగా తీయాలంటే క్లిప్పులు ఉండకూడదు. మామ నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

"పది నిమిషాలియ్యి తంబీ" అన్నాను. తాళికి తగిలించుకున్న పిన్నుల్లో ఎప్పుడూ ఒక సూది ఉంటుంది నాకు. దారం లేదు. కరుప్పాయి మల్లెలు కట్టే దారం తెంపిచ్చి, తన కొట్టు వెనక గోనెపట్టా అడ్డం పట్టుకుంది. క్లిప్పులు తీసేసి, ఆ పిల్ల ఒంటి మీదే, వెనక రెండు వైపులా లోపలికి మడిచి కుట్టేశాను. నా నలభై ఎనిమిదేళ్ల బతుకులో అంత బిగుతుగా ఎప్పుడూ కుట్టలేదు.

మామ ఈసారి దగ్గరగా నిలబడ్డాడు. కెమెరాలోంచి పైకి చూశాడు, కిందికి చూశాడు. కలశాలు రావు. పాదాలూ రావు. కెమెరా దించి, తన చెప్పులు విడిచి, గోపురానికి చేతులు జోడించాడు.

"అమ్మా, ఒక్క నిమిషం."

తర్వాత రోడ్డు మీద మోకాలు ఆనించి, "తిరుగు కన్నూ" అన్నాడు.

ఇళంగో కెమెరా వెనక చూసి, "ఇదే సార్" అన్నాడు. వచ్చే నెల నాయకర్ మహల్ దగ్గర తీయాలి, మీరే రావాలి అన్నాడు. మామ అవన్నీ విననే లేదు. ఎన్ని కలశాలు తెగినాయో లెక్క చూసుకుంటున్నాడు.

తెర మళ్లీ గోడకెక్కింది. దాని పక్కన మామ ఒక ఫోటో కట్టించి పెట్టాడు. షాపువాళ్లు మెచ్చింది కాదు. టీ కొట్టు బెంచీ ఎక్కి తీసింది. గోపురం నిండుగా, కలశాలన్నీ ఉన్నాయి. అందరి పాదాలూ ఉన్నాయి. మూలన థర్మోకోల్ పట్టుకుని నేను, చీమంత.

"చూడమ్మా శ్రీమతీ, ఇందులో నీ ముక్కు వంకర లేదు" అన్నాడు.

దగ్గరికెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ముక్కే లేదు.