రికార్డులో వాన

ఆలూరు పక్కన మా ఊర్లో ఒక ఏడు వాన కురిపించింది నేనే. నమ్మకపోతే మీ ఇష్టం.

మొన్న మనవరాలు ఎవరో దొర ఎప్పుడో వాయించిన పియానో ఫోనులో పెట్టింది. సంగీతం వెనకాల సర్రుమని ఒకటే చప్పుడు. మిద్దె మీద ఆరేసిన బట్టలు తీద్దామని లేచినాను. అప్పుడు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా ఊరి డాక్టరుసారు ఇంట్లో గ్రామఫోను, ఇట్లాంటి పాత పియానో రికార్డులు ఉండేవి. అరిగిపోయిన రికార్డు సర్రుమంటాంటే, ఆ దొర రేకుల కొట్టంలో కూర్చుని వాయిస్తున్నాడని, పైన వాన పడుతోందని అనుకున్నాను. మాకేమో శెనక్కాయ మొలకలు వాడిపోతున్నాయి. నాయన పొద్దస్తమానం ఆకాశమే చూస్తుండేవాడు.

"సార్, కిటికీలు తీసి గట్టిగా పెట్టు సార్. ఆకాశంలో మోడాలకు వినపడాల" అని బతిమాలినాను. ఆయన నవ్వి, కిటికీలన్నీ తీసి పెట్టినాడు. సాయంత్రానికి వాన దంచి కొట్టింది.

మనవరాలికి ఇంతవరకు చెప్పి, ఆ పిల్ల నన్నే చూస్తుంటే, "దంచలేదులే, నాలుగు చినుకులు పడినాయి" అన్నాను.

పక్కనే చింతపండు గింజలు తీస్తున్న మా అక్క తలెత్తలేదు.

"చినుకు గూడా పడలేదురా. పైరంతా ఎండిపాయ, నాయన దున్నేసినాడు. నువ్వు మాత్రం గొడుగు పట్టుకోని డాక్టరింటి వాకిట్లో కూర్చుంటివి, ఎంత పిలిచినా రాకుండా."