చేతులకు మాటలొచ్చిన రోజులు

మా టీచరమ్మ పోయారని ఫోనొచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. చేసింది ఆమె తమ్ముడి కూతురు. "అత్తమ్మ పోయిందక్కా. పొద్దుగాల లేపవోతే లేవలే" అంది. ఎక్కడికి రావాలో, ఎప్పుడు తీసుకెళ్తారో అడిగాను. నా గొంతు మామూలుగానే పలికింది. అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది. కీర్తనకి చెప్పాలి.

కీర్తన మా అమ్మాయి. పుట్టుకతోనే వినపడదు. మా ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. అప్పుడే కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని షూ విప్పుకుంటోంది. భుజం తట్టాను. తలెత్తి చూసింది. 'టీచరమ్మ' అని సైగ చేశాను. ఆ తర్వాతి సైగకి నా చేతులు లేవలేదు.

'చనిపోవడం' అనే ఆ సైగ నాకు నేర్పిందీ ఆవిడే. మా అపార్ట్‌మెంట్ డాబా మీద ఒకసారి పావురం పిల్ల చచ్చిపడి ఉంటే, అప్పటికి ఇంకా చిన్నపిల్లయిన కీర్తన దాన్ని వేలితో కదిపి చూస్తోంది. నిద్రపోతోందని చెప్పబోయాను. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "పండుకున్నదని చెప్పకు బిడ్డా. రేపటి సంది పండుకోవాలంటే భయపడ్తది. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. చెప్పే సైగ కూడా అప్పుడే నేర్పారు. ఇన్నేళ్ల తర్వాత అదే సైగతో ఆవిడ సంగతి చెప్పాను. కీర్తన చాలాసేపు నా చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది, ఇంకేమైనా చెప్తానేమో అన్నట్టు.

ఆమెను నేను మొదట చూసింది మదీనాగూడలో. మాది బాపట్ల వైపు. మా ఆయనా నేనూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకుంటూ అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో కొత్తగా కిరాయికి దిగాం. కీర్తన చంకబిడ్డ. వినికిడి నరం బాగా సన్నగా ఉందనీ, ఆపరేషన్ చేసి మిషన్ పెట్టినా పెద్దగా లాభం ఉండదనీ డాక్టరు చెప్పి కొన్నాళ్లే అయింది. మాట నేర్పే ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే, "సైగలు మాత్రం అలవాటు చెయ్యకండి, ఇక నోరు తెరవదు" అన్నాడు. మా ఆయన చర్చిలో పాటలు పాడతాడు. పేరు పెట్టింది ఆయనే. పాప నోటి నుంచి ఒక్క మాటైనా రావాలని ఆయన ఆశ. నాదీ అదే ఆశ. ఎదురుగా కూర్చోబెట్టుకుని "అమ్మ, అమ్మ" అని గొంతు నొప్పి పుట్టేదాకా అనేదాన్ని. పాప నా పెదాలు పట్టుకుని లాగి నవ్వేది.

ఒకరోజు లిఫ్టు కోసం నిలబడ్డాను. పాప నా భుజం మీద వెనక్కి తిరిగి ఉంది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఊపుతూ నవ్వడం మొదలుపెట్టింది. ఏమిటా అని తిరగబోతే వెనక నుంచి ఒక గొంతు, "జర ఆగు బిడ్డా, తిరగకు. పాపతోని మాట్లాడుతున్న. ఇంకా అయిపోలే" అంది.

నా బిడ్డతో మాట్లాడుతున్నానని నాతో అన్న మొదటి మనిషి ఆవిడ.

మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేవారు, ఆదివారాలు మాలాగే చర్చికి వెళ్లేవారు. సంగారెడ్డి దగ్గర పల్లెటూరు. వినపడని పిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. వినపడని తమ్ముడు ఒకడు బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసుకుంటూ కుటుంబంతో ఉండేవాడు. శనివారం సాయంత్రాలు డాబా మీద పసిపిల్లల్ని, వాళ్ల తల్లుల్ని కూర్చోబెట్టుకునేవారు. అందరూ వినపడని పిల్లలేం కాదు. నోటి మాట రాకముందే చేతికి మాటొస్తుందనీ, దాంతో పిల్లల పేచీ తగ్గుతుందనీ తెలిసి, చక్కగా వినపడే పిల్లల తల్లులూ వచ్చేవారు. వాచ్‌మన్ కూతురు కూడా గౌను పట్టుకుని వచ్చి కూర్చునేది.

శనివారాలు ఆవిడ పూలచీర కట్టేవారు కాదు. "పువ్వుల మీద చేతులు కనవడయి" అనేవారు. వెలుగు తన ముఖం మీద పడేలా పడమటికి తిరిగి కూర్చునేవారు. పాప బంతిని చూస్తుంటే, ఆ బంతి పక్కనే చెయ్యి పెట్టి బంతి సైగ చేసేవారు. తర్వాత ఊరుకునేవారు. ఆ ఊరుకోవడమే నాకు చేతనయ్యేది కాదు. చేసిందే మళ్లీ మళ్లీ చేసేదాన్ని. "పాప కండ్లు నీ మీద లేనప్పుడు నీ చెయ్యి మూగది బిడ్డా. చూసేదాంక ఆగు. చూసినంక చెప్పు. చెప్పినంక దాని వంతు దానికియ్యి" అనేవారు.

అమ్మ అనడానికి ముక్కుపుడక ఉండే చోట వేలు పెట్టాలి. "నాకు పుడక లేదు కదండీ" అన్నాను. "పుడక లేకుంటే తల్లివి గావా" అని నవ్వారు. నాన్న అంటే మీసం దువ్వాలి. మా ఆయనకి మీసం లేదు. డాబా మీదికి రానని చాలా రోజులు బిగుసుకుని కూర్చున్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర పాప పాల గ్లాసు చూసి, పిడికిలి తెరిచి మూసింది. మళ్లీ తెరిచి మూసింది. పాలు. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత గెడ్డం గీసుకున్నప్పుడు పైపెదవి వదిలేశాడు. అప్పట్నించీ ఆయనకి మీసం ఉంది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బందు పిలుపు వచ్చిందంటే ఆఫీసు క్యాబులు తిరిగేవి కావు. మేం ఇళ్లలోంచే పని చేసేవాళ్లం. మా అపార్ట్‌మెంట్‌లో అటువాళ్లూ ఇటువాళ్లూ ఉన్నారు. మెట్ల మీద ఎదురుపడితే నవ్వులు కొంచెం తగ్గాయి. టీచరమ్మ ఉద్యమంలో దాపరికం లేకుండా తిరిగేవారు. దీక్షా శిబిరంలో పగలంతా కూర్చుని, సాయంత్రం వచ్చి మా పాపని ఒళ్లో వేసుకునేవారు. నాకు ఆవిడని ఏదో అడగాలని ఉండేది. ధైర్యం చాలేది కాదు.

ఒక బందు రోజు మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. పొద్దున మా వీధిలోంచి డప్పులతో ఊరేగింపు వెళ్లింది. నేను బాల్కనీ తలుపు వేసేశాను. కాసేపటికి కీర్తన నా దగ్గరికి వచ్చి అరచేత్తో గుండె మీద కొట్టుకుంది. నా ముఖంలోకి చూసి, కనుబొమలు ముడిచి, అరచెయ్యి వెల్లకిలా తిప్పింది. ఎత్తుకున్నాను, నీళ్లు పట్టాను. నీళ్లు తోసేసి మళ్లీ గుండె మీద కొట్టుకుంది. ఇంకా గట్టిగా. ఏడుపు లంకించుకుంది. జ్వరం లేదు. ఏదో నొప్పి అంటోందని అనుకున్నాను. దవాఖానకి పోదామంటే ఆటో లేదు. టీచరమ్మ ఫోను తియ్యలేదు. ముంబై హైవే మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే తినడం. ఆవిడ పొద్దున్నే అక్కడికి వెళ్లారు.

పాపని ఎత్తుకుని నడిచాను. రోడ్డు నిండా జనం, పొగ, జెండాలు. నోరు విప్పితే నేనెక్కడిదాన్నో తెలిసిపోతుంది. ఉల్లిగడ్డలు కోస్తున్న ఒకావిడ దగ్గర ఆగి, "టీచరమ్మ గారు ఎక్కడున్నారండీ" అన్నాను. ఆ 'అండీ'కి ఆవిడ కత్తి ఆపి నా వైపు చూసింది. తర్వాత పాపని చూసింది. "అగో, గా పెద్ద గంజు కాడ ఉన్నది. పాపకేమైంది? ఎందుకేడుస్తున్నది?" అంటూ తనే లేచి, జనాన్ని పక్కకి జరుపుతూ నన్ను తీసుకెళ్లింది.

టీచరమ్మ సాంబారు కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నారు. పాపని కిందికి దించమన్నారు. ఏమీ చెయ్యలేదు, చూస్తూ కూర్చున్నారు. కీర్తన వెక్కుతూనే గుండె మీద కొట్టుకుని, చెయ్యి వెల్లకిలా తిప్పింది. సరిగ్గా అప్పుడే అవతలి వైపు డప్పులు మళ్లీ అందుకున్నాయి. పాప చెయ్యి చటుక్కున గుండె మీదికి వెళ్లింది.

టీచరమ్మ ముఖం విప్పారింది.

"నొప్పి కాదు బిడ్డా. డప్పు. ఆ దెబ్బ దాని గుండెకు తాకుతున్నది. ఇదేంది అని అడుగుతున్నది."

"అడుగుతోందా అండీ?"

"అడుగుతున్నది. ఇన్ని దినాలు పాలు కావాలె, బంతి కావాలె అన్నది. ఇయ్యాల అడిగింది. ఇగ ఆగది చూడు."

పాపని ఎత్తుకుని డప్పు వాయించే ఒకాయన దగ్గరికి వెళ్లి ఏదో చెప్పారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని డప్పు వంచాడు. టీచరమ్మ పాప అరచేతిని చర్మం మీద ఆనించారు. ఆయన పుల్లతో మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు. కీర్తన చెయ్యి తీసేసి, తన అరచేతిని చూసుకుంది. మళ్లీ ఆనించింది. 'ఇంకా' అని సైగ చేసింది. అది మళ్లీ మళ్లీ చూసి ఆయనే నేర్చుకున్నాడు, ఆ సైగకి అర్థమేమిటో.

అక్కడే విస్తరాకులో అన్నం తిన్నాను. సాంబారు మాడింది. టీచరమ్మ వంటెప్పుడూ అంతే, మాట్లాడాల్సి వస్తే చేతులు ఖాళీ చేసుకోవాలి కదా. పక్కన కూర్చున్న టీచరమ్మని అప్పుడు అడిగాను. "తెలంగాణ వస్తే మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా అండీ?"

ఆవిడ ముద్ద మింగి చెప్పారు. "నేను ట్రైనింగుల ఉన్నప్పుడు నా మాట ఇని నవ్వేటోళ్లు. అదేం తెలుగు అని. మా తమ్ముడు చేతులతోని మాట్లాడితే బడిల స్కేలుతోని కొట్టిన్రు. నోరుండంగ మూగగుండుడు ఎట్లుంటదో నాకెరుక. నిన్ను నేనెందుకు పొమ్మంట బిడ్డా? నన్ను నా తీరుగ మాట్లాడనియ్యిమంటున్న." ఇంకో ముద్ద కలుపుతూ, "మాట నోట్ల పుట్టది. చేతుల పుట్టది. ఇద్దరి నడుమ పుడ్తది" అన్నారు. ఈ మాట తర్వాత ఎంతోమంది తల్లులకి చెప్పాను. నా నోట్లో అది అంత బాగా ఉండదు.

ఆవిడ చెప్పినట్టే కీర్తన ఆగలేదు. బడికి వెళ్లింది, చదివింది. రాష్ట్రం వచ్చింది. మేం ఎక్కడికీ వెళ్లలేదు, ఆవిడే వెళ్లిపోయారు. ఒంటరిగా ఉండే ఓపిక తగ్గి, తన ఊళ్లో తమ్ముడు కట్టుకున్న ఇంటికి మారారు. ఎదురు తలుపు మీద వేరే వాళ్ల పేరు వచ్చింది. చాన్నాళ్లు నేను తాళం వేసుకుని ఆ తలుపు వైపు తిరిగి నిలబడేదాన్ని. వీడియోలో మాట్లాడుకునేవాళ్లం. నిజానికి మాట్లాడుకునేది ఆవిడా కీర్తనా, నేను పక్కన కూర్చునేదాన్ని. నాకు అర్థం కానిది ఏదైనా ఉంటే, ఆవిడ ఆగి నోటితో చెప్పేవారు.

రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వెళ్తే మంచం మీద ఒరిగి కూర్చుని ఉన్నారు. మాట ముద్దగా వస్తోంది, నాకు సగమే అందుతోంది. ఎడమచేత్తో సైగలు చేస్తుంటే అవి సగం సగమే వస్తున్నాయి. కీర్తన మంచం అంచున కూర్చుని, ఆవిడ పడిపోయిన చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ ఎడమచెయ్యి ఎత్తితే, రెండో చెయ్యిగా కీర్తన తన చెయ్యి కలిపింది. అలా ఇద్దరూ కలిసి ఒక్కో మాట చేసుకుంటూ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. ఏమనుకున్నారో నేను అడగలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు టీచరమ్మనే అడుగుదాంలే అనుకున్నాను.

ఊళ్లో చర్చి వెనక శ్మశానంలో ఆవిడని పెట్టాం. పాట పాడుతున్నంతసేపూ తమ్ముడూ, కీర్తనా పక్కపక్కన నిలబడి మా పెదాలు కదలడం చూశారు. తిరిగి వస్తుంటే సాయంత్రమైంది. బాలానగర్‌లోనే ఉంటున్న తమ్ముడు, అక్కడికి వెళ్లే బంధువులతో వ్యాన్ ఎక్కాడు. మేం మా కారులో వచ్చాం. మదీనాగూడ దగ్గర ట్రాఫిక్ పూర్తిగా ఆగిపోయింది. హారన్ల మోత. చూస్తే ఆ వ్యాన్ మా పక్కనే ఉంది. కిటికీ దగ్గర తమ్ముడు. కీర్తన అద్దం దగ్గర చెయ్యి ఊపింది. ఆయన చూశాడు.

అంత రొదలో రెండు అద్దాలకి అటూ ఇటూ వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఆయన ఏదో చెప్పాడు. కీర్తన కాదన్నట్టు తల ఊపి, గబగబా ఏదో చెప్పింది. ఆయన కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. నాకు అక్కడక్కడా ఒక్కో మాట అందుతోంది. ఊరు. చిన్నప్పుడు. వాన. మిగతాది చాలా వేగంగా వెళ్లిపోతోంది. ట్రాఫిక్ కదిలింది. వ్యాన్ ముందుకు సాగింది. కీర్తన కిటికీ దించి, సగం బయటికి వంగి చేతులు ఎత్తింది. ముందు వ్యాన్ కిటికీలోంచి ఆయన చేతులు బయటికి వచ్చాయి. దుమ్ములో, ఎర్ర లైట్ల మధ్య ఆ రెండు చేతులు చిన్నవవుతూ, ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాయి.