టేకు పెన్సిల్లో అక్క దారం

చంద్రపూర్ బజార్లో నన్ను ఇప్పటికీ కొందరు 'పెన్సిల్‌వాలా' అంటారు. నేను చేసిన టేకు పెన్సిళ్లు చూసి పెట్టిన పేరు. చెక్క తిప్పింది నేనే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పెన్సిల్ పనిచేసేలా చేసింది నేను కాదు, మా అక్క. ఈ మాట పాతికేళ్లు ఎవరికీ చెప్పలేదు. సూటిగా అడిగిన మనిషికి కూడా చెప్పలేదు.

మా నాయన మంచిర్యాల వైపు నుంచి చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బొగ్గుగనికి వచ్చినవాడు. నాకూ గనిలోనే కొలువు అనుకున్నాం అందరం. నా చదువు పూర్తయ్యేసరికి కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయింది. అదే రోజుల్లో బజారు మాత్రం ఎన్నడూ చూడని సరుకుతో నిండిపోతోంది. క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో కట్టెను గిరగిర తిప్పి నునుపుగా చెక్కే పాత ఖరాదు మిషన్ ఒకటి పెట్టుకుని చపాతీ కర్రలు, మంచం కోళ్లు తిప్పేవాణ్ణి.

షెడ్డుకు ఆ మూలన అక్క కుట్టు మిషన్. బావ పోయాక అక్క తన చిన్న బిడ్డతో మా దగ్గరికే వచ్చింది. కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది.

"నీ కట్టెపొట్టు అంత నా గుడ్డల మీదికే వస్తుందిరా. హెడ్‌క్లర్క్ పెండ్లాం వీపు గోక్కుంట వస్తే జవాబు నువ్వే చెప్పాలె," అనేది.

"టేకు పొట్టు అక్కా, ఊకెనే దొరుకుతదా? మంచి వాసన గూడ."

"అయితే ఆమెకు ఆ ముచ్చటే చెప్పు."

బొంబాయి నుంచి సరుకు తెచ్చే దుకాణదారు ఒకాయన ఒకసారి నాకు పెన్ కిట్లు చూపించాడు. చిన్న సంచిలో రెండు ఇత్తడి గొట్టాలు, ఒక మొన, ఒక క్లిప్పు, నడుముకు ఒక రింగు, తిప్పితే రీఫిల్‌ను బయటికి నెట్టే మర. చెక్కకు బెజ్జం వేసి, గొట్టం అతికించి, ఖరాదు మీద సన్నగా తిప్పి, ఈ సామాను బిగిస్తే పెన్ను. కట్టెకోత మిల్లు నుంచి తెచ్చుకున్న టేకు ముక్కలతో మొదలుపెట్టాను. పై సగం, కింది సగం ఒకే ముక్కలోంచి తీసేవాణ్ణి. కట్టె గీతలు నడుము దగ్గర తెగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలి. నా చేతి పని అంటే అదీ. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాన్ని ఎవరికీ పంచి ఇవ్వను.

గని సర్వే ఆఫీసరు ఒకాయన, మరాఠీ మనిషి, వాటిని పైపైన చూసి ముచ్చటపడి, గనిలో రాసుకోవడానికి తన సెక్షన్ వాళ్లందరికీ పన్నెండు చేయమన్నాడు. అన్నీ తిప్పి, మెరుగు పెట్టాను. ఆయన వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, మర తిప్పి, నావైపు చూశాడు.

"ఇది పెన్ను కదా? కింద గనిలో పైకప్పు నుంచి నీళ్లు కారుతుంటాయి. తడి కాగితం మీద రీఫిల్ నడవదు. మేం లెక్కలన్నీ పెన్సిల్‌తోనే రాస్తామని నీకు తెలీదా?"

గని కార్మికుడి కొడుకునై ఉండి నాకు తెలీదు. మా నాయన చేతిలో పార చూశాను గానీ పుస్తకం ఎన్నడూ చూడలేదు.

"వీటినే పెన్సిళ్లు చేస్తా సాబ్," అన్నాను. ఎట్లా చేయాలో తెలియకుండానే అన్నాను.

బజార్లో నొక్కుడు పెన్సిళ్లు, నొక్కితే సన్నని సీసపు ముల్లు బయటికొచ్చేవి, కొని, ప్లాస్టిక్ కోసి, లోపలి సామాను తీశాను. పెన్ను మర పీకేసి దాన్ని పెట్టాను. మొనకు బెజ్జం పెద్దది చేశాను. పైనా కిందా గట్టిగా అతికించాను. పై చెక్కను కిందికి నొక్కితే కదల్లేదు. ఇంకొంచెం బలంగా నొక్కితే చెక్క చిట్లింది. అతికించకపోతే లోపల గలగలమని ఊగుతుంది. అట్లా మూడు పాడుచేశాను.

అక్క కుట్టడం ఆపి వచ్చింది. "ఏందిరా, దానితోని కొట్లాట పెట్టుకున్నవా?"

"ఎంత బిగించినా పని చేస్తలేదక్కా."

"బిగించినవ్ గనుకనే. పెన్ను అలవాటుతోని అంతా గట్టిగ పట్టేస్తున్నవ్. పైది కదలాలె గద? కిందిదే పట్టు, పైదాన్ని ఇడిసిపెట్టు. జాకెట్ హుక్కులు కుట్లేసి మూసేస్తే ఎట్ల తొడుగుతరు?"

పెన్సిల్ సామాను నా చేతిలోంచి లాక్కుంది. దాని కింది సగానికి కుట్టుదారం చుట్టింది, ఒక పోగు పక్కన ఒక పోగు, బాబిన్‌కు చుట్టినంత వరసగా. గోందు బంక రాసి కింది చెక్కలోకి దూర్చితే ఇంక ఊగలేదు. పై సగానికి ఒక్క వరస దారమే, అదీ కొవ్వొత్తి మైనం పట్టించిన దారం. దాని మీద పై చెక్క జారుతుంది గానీ ఊరికే గిర్రున తిరగదు. అందుకే నేను కలిపిన గీతలు కలిసే ఉన్నాయి. తర్వాత పై చెక్క అంచును బియ్యపు గింజంత అరగదీయమంది, కిందికి దిగడానికి జాగా కోసం. అరగదీశాను. తనే నొక్కింది. టక్ మంది. ముల్లు బయటికి వచ్చింది. అవసరం లేకపోయినా ఇంకో ఏడెనిమిదిసార్లు నొక్కింది, చిన్నపిల్లలా నవ్వుకుంటూ.

ఆఫీసరు మళ్లీ వచ్చినప్పుడు పెన్సిల్ విప్పి, లోపలి దారం చూసి "వాహ్" అన్నాడు. "హే కోణీ కేలం?" ఎవరు చేశారిది, అని మరాఠీలో అడిగాడు.

"మీచ్ కేలం సాహెబ్," నేనే చేశాను అన్నాను.

అక్క అక్కడే ఉంది, మావైపు వీపు పెట్టి. నాకంటే బాగా మరాఠీ వచ్చు ఆమెకు. కుట్టు మిషన్ చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"కుట్టుపని మనిషి చెయ్యిలా ఉంది. మీ అక్కదేమో అనుకున్నా," అన్నాడాయన. "మా గని మహిళా కేంద్రంలో కుట్టుపని నేర్పడానికి ఒక మనిషి కావాలి, అందుకే అడిగా."

అప్పుడైనా చెప్పొచ్చు. గని ఆఫీసరు నోట 'వాహ్' అనిపించుకోవడం నా జన్మలో అదే మొదలు. నోరు మూసుకున్నాను. మిషన్ మళ్లీ చప్పుడు మొదలుపెట్టింది.

ఆ కొలువు వేరే ఎవరికో పోయింది. అక్క ఆ తర్వాత కూడా ప్రతి పెన్సిల్‌కూ దారం చుట్టి ఇచ్చింది. ఆ పెన్సిళ్ల గురించి రాస్తూ మరాఠీ పేపర్లో నా ఫోటో వేస్తే తన కత్తెరతోనే చక్కగా కత్తిరించి మిషన్ సొరుగులో పెట్టుకుంది. చూపు మందగించేదాకా జాకెట్లే కుట్టింది.

పోయిన ఏడాది ఆ ఆఫీసరు, ఎప్పుడో రిటైరైన మనిషి, బజార్లో నేను పెట్టుకున్న దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. జేబులో అదే పెన్సిల్. టేకు ఆయన చేతి చెమటకు నల్లబడింది గానీ ఎక్కడా చిట్లలేదు, గీత గీతతో కలిసే ఉంది. పై భాగం మాత్రం వదులైంది. దారం అరిగిపోయింది. ఆయన ముందే చుట్టబోయాను. గడ్డలు గడ్డలుగా వచ్చింది.

"నీ పనే మరిచిపోయావా?" అని నవ్వాడు.

"మరిచిపోలేదు సాబ్. ఇది నాకు ఎన్నడూ రాలేదు. రండి, చేసిన మనిషి దగ్గరికి పోదాం."

వార్ధా నది దాటి రాజురాలో బిడ్డ ఇంట్లో ఉన్న అక్క దగ్గరికి తీసుకుపోయాను. అక్క అద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, మైనం రాసి చుట్టింది. పోగు పక్కన పోగు. అదే చెయ్యి. నొక్కి చూసి ఆయన చేతికిచ్చింది. దీన్ని కనిపెట్టింది ఈమేనని, ఆ రోజు నేను అబద్ధం చెప్పానని ఆయనకు మరాఠీలో చెప్పాను. ఆయన లేచి నిలబడి అక్కకు దండం పెట్టాడు.

"ఇప్పుడెందుకురా ఆ ముచ్చట? దారం కండె అందుకో, కింద పడ్డది," అంది అక్క.

కండె తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె చేతులు పట్టుకున్నాను.

"అక్కా, ఆయన అడిగింది నీ గురించి. నేను నా పేరు చెప్పుకున్న. నీ కొలువు నేనే పోగొట్టిన. తప్పు నాది, నన్ను మాఫ్ చెయ్యి."