పోరంబోకులో గుంజ

ధనరాజుకు సెంటు భూమి లేదు గానీ రెండు గేదెలున్నాయి. అవి మేసేది పలివెల ఊరికి దిగువన, పంటకాలువ గట్టు వెంబడి ఉన్న పోరంబోకులో. గుంజ పాతడంలో అతనికో పద్ధతుంది. సరుగుడు కర్ర మొన చెక్కి, గేదె లాగే వైపుకు ఎదురు వాల్చి కొడతాడు. ఎంత లాగినా ఊడదు. గుంజ ఎవరిదైతే, పలుపు తిరిగినంత మేరా మేత వాళ్ళది; ఇంకొకరు పీకరు. కొన్నాళ్ళు పశువు కనబడకపోతే మాత్రం ఆ చోటు వదులుకున్నట్టే. అక్కడి కట్టుబాటు అది.

ఆనుకుని ఉన్న కొబ్బరితోట కేశవరావుది. ఎప్పుడూ బండి దిగని మనిషి, ఆ ఉదయం దిగి గట్టు మీద కూర్చున్నాడు.

“పోరంబోకు అంటే ఏంటో తెలుసా ధనరాజూ?”

“పశువులు మేసే చోటండి.”

“అది వాడుక. అసలు అరవ మాట. పురం అంటే బయట, పోక్కు అంటే పోవడం. శిస్తు లెక్కలోంచి బయటికి పోయిన నేల. ఎవరిదీ కాదన్నమాట.”

“ఆయ్. మా తాత వేరేగా చెప్పేవారండి. ఊరి పశువులన్నిటికీ కావాలని శిస్తు లేకుండా వదిలేరంట.”

కేశవరావు నవ్వాడు. “సర్లే. ఈ ఎండలో వీటినెందుకు తిప్పుతావు? ఇంటికాడే కట్టేసుకో. గడ్డి నేను పంపిస్తాను.”

గేదె ఈనిందో లేదో కూడా ఏనాడూ అడగనివాడు, మాటకు అర్థం చెప్పి పైన గడ్డి ఇస్తానంటే ధనరాజుకు మింగుడుపడలేదు. తోట గట్టున నర్సరీ నుంచి తెచ్చిన కొబ్బరి మొక్కలు దింపి ఉన్నాయి. తోటలో చూస్తే ఒక్క మొక్కకీ ఖాళీ లేదు.

మర్నాడు గడ్డిమోపులు ఇంటికొచ్చాయి. భార్య రూతు వాటిని చూసి, “ఊరికే ఇచ్చేరా? ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?” అంది.

“ఒళ్ళు బాగానే ఉంది. మన గుంజలు ఖాళీగా ఉండాలి ఆయనకి.”

“అయితే తిప్పి పంపేద్దామా?”

“గడ్డేం చేసింది?”

మోపులు సైకిలుకు కట్టి, గేదెలను ముందు తోలుకుని పోరంబోకుకే వెళ్ళాడు. గుంజలకు కట్టేసి గడ్డి వాటి ముందు పరిచాడు. అవి దాన్ని తొక్కుకుంటూ పచ్చిక మేశాయి.

కాసేపటికి కేశవరావు వచ్చాడు. “ఇంటికి పంపితే ఇక్కడికి మోసుకొచ్చావేంటి?”

“ఇక్కడైతే గాని ముట్టవండి. అలవాటు.”

కేశవరావు గుంజల కేసి చూసి బండెక్కాడు. ఆ తర్వాత గడ్డి రాలేదు. మొక్కలు మాత్రం గట్టు మీదే ఉన్నాయి.

“ఇంక ఆయన మన జోలికి రాడులే,” అంది రూతు.

ధనరాజు ఆ మాట నమ్మలేదు. పోరంబోకులో తోటవైపు చివర ఎవరి గుంజా లేక ఖాళీగా ఉంది. పక్కవీధి సువర్ణ ఇంటికి వెళ్ళి, రేపట్నించి ఆవును తోలుకొచ్చి అక్కడ గుంజ పాతుకోమన్నాడు.