కఫీల్ వస్తే ఆగిపోయే బండి

మొదటి ఉద్యోగంలో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. తెలియకపోవడం అనేది తర్వాత, అనుభవం మీద మెల్లగా వస్తుంది. అమ్వాజ్ దీవులు ఇంకా సగం సముద్రంగా, సగం ఇసుక లారీలుగా ఉన్న ఆ రోజుల్లో నేను బహ్రెయిన్‌లో దిగాను. నా దగ్గర ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, ఒక పసుపుపచ్చ మల్టీమీటరు, అవసరానికి మించిన ధైర్యం ఉండేవి. తోటలు పెంచే ఒక చిన్న కంపెనీ నన్ను మెయింటెనెన్సులో వేసుకుంది. కాలేజీలో నాకు పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చెప్పి పంపారు. ఇక్కడ నా చేతికి ఒక గడ్డి బండిని అప్పగించారు.

గడ్డి బండి అంటే పైన కూర్చుని నడుపుతూ లాన్ కోసే యంత్రం. ఎవరో దొరగారు దేశం వదిలి వెళ్తూ అమ్మేస్తే మా కంపెనీకి చేరింది. దాని వయసు ఇంచుమించు నా వయసే, కాకపోతే నాకంటే ఎక్కువ పని చేసింది. దాంతో వచ్చిన పుస్తకం ఎప్పుడో పోయింది. లోపల తీగల మీద ముందు తరాల మెకానిక్కులు తలో రంగు టేపు చుట్టి తమ గుర్తులు వదిలి వెళ్లారు. దాన్ని నడిపేది రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. పనివాళ్లముండే క్యాంపులో తెలుగువాళ్లందరికీ ఆయన మావయ్య, ఆయనకి మేమందరం అల్లుళ్లం (అసలు అల్లుడొకడు ఊళ్లో ఉన్నాడు గాని, అతని ప్రస్తావన వస్తే మావయ్య వెంటనే వాతావరణం గురించి మాట్లాడేవాడు). ఏళ్ల తరబడి ఎండలో చేత్తో తోసే మిషను వెనక నడిచి నడిచి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఈ బండెక్కాకే కాళ్లకి కాస్త విశ్రాంతి.

బండికి ఒకటే జబ్బు. పొద్దుటి నుంచి బుద్ధిగా నడిచేది. సాయంత్రం మా కఫీల్ (అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని) పని చూడ్డానికి రాగానే టక్కున ఆగిపోయేది. ఆయన ఉన్నంతసేపూ ఎంత తిప్పినా తాళానికి పలికేది కాదు. ఆయన కారు మలుపు తిరగ్గానే మావయ్య ఎక్కి కూర్చుని తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు మొదలయ్యేది.

నేను శాస్త్రీయంగా ముందుకు వెళ్లాను. సముద్రపు గాలికి బ్యాటరీ టెర్మినళ్లు పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి శుభ్రం చేశాను. నడిచింది. కఫీల్ వచ్చాడు, ఆగింది. ఫ్యూజు మార్చాను, తుబ్లీ కొట్లలో తిరిగి తిరిగి ఇంజన్ని మొదలెట్టే సోలినాయిడ్ తెచ్చి వేశాను, ఎర్త్ తీగ కొత్తది బిగించాను. మార్చిన ప్రతిసారీ బండి నడిచింది, నేను మెచ్చుకోళ్లు అందుకున్నాను, కఫీల్ వచ్చాడు, ఆగింది. ఆయన మంచివాడే గాని చూపు మంచిది కాదని క్యాంపులో మెల్లగా అనుకోవడం మొదలైంది. మావయ్య బండి ముందు ఒక నిమ్మకాయ కట్టాడు. నేను దాన్ని ఖండించాను, విప్పమని మాత్రం అనలేదు.

చివరికి కఫీల్‌కి ఓపిక అయిపోయింది. రేపు సాయంత్రం కూడా ఆగితే ఖలాస్, బండి తుక్కు కింద పోతుంది, మావయ్య మళ్లీ తోపుడు మిషనే తీసుకోవాలి అని తనకి వచ్చిన హిందీలో తేల్చి చెప్పాడు. అప్పుడు జులై. ఆ ఎండలో ఇసుక మీద నడిస్తే చెప్పులు కూడా సెలవడుగుతాయి. మావయ్య మోకాళ్లు రాసుకుని, "ఈటికి ఎలా సెప్పాలో తెలీట్లేదల్లుడూ. ఇంక నడిసే పన్లేదని మాటిచ్చేశాను" అన్నాడు.

మర్నాడు నేనే బండెక్కాను. మీటరు తీగలు లోపల తగిలించి, ఒడిలో మీటరు పెట్టుకుని, లాన్ మీద గుండ్రంగా తిరిగాను. అంతా సవ్యంగా ఉంది. ఇంతలో కఫీల్ చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. కారు దిగి, తెల్లటి బట్టల్లో, చేతులు వెనక్కి కట్టుకుని నడిచి వస్తున్నాడు. క్లాసులోకి లెక్చరర్ వచ్చినప్పటిలాగే, నాకు తెలియకుండానే నేను సీటు మీంచి సగం లేచాను.

బండి ఆగిపోయింది.

నేను కూర్చున్నాను. తాళం తిప్పాను, నడిచింది. లేచాను, ఆగింది. మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. కొత్త ఇంజనీరు కూర్చుంటూ లేస్తూ ఉండడం కఫీల్ నిలబడి శ్రద్ధగా చూశాడు. ఎండ దెబ్బ అనుకుని ఉంటాడు. దిగి సీటు ఎత్తి చూస్తే, కింద ఒక బుల్లి స్విచ్చి. మనిషి సీటు వదిలితే కత్తులు తిరగకుండా ఇంజను ఆపేసే ఏర్పాటది. బండిలో ప్రతి తీగనీ పరీక్షించిన నేను సీటు జోలికి మాత్రం పోలేదు. సీటు కూర్చునేది, దానికీ కరెంటుకీ పనేమిటి?

యజమాని రాగానే మావయ్య లేచేవాడు, ఇంజను ఆగేది, పెద్దాయన ఎదురుగా కూర్చోలేక పక్కన నిలబడే తాళం తిప్పేవాడు. ఇక అది ఎలా పలుకుతుంది? తీగ ముక్కతో ఆ స్విచ్చిని కలిపేస్తే పీడా పోతుందని ఒక్క క్షణం అనిపించింది. కాని కత్తులు తిరుగుతుండగా మావయ్య లేచి నిలబడితే ఆ మర్యాదకి ఒక పాదం ఖర్చవుతుంది. అందుకని ఆయన్ని పక్కకి పిలిచి, ఇవాళ కఫీల్ ఎదురుగా ఉన్నా కదలకుండా కూర్చోమని బతిమాలాను.

"పెద్దాయన నిలబడి సూత్తావుంటే నేను కూకునుండాలా? మా ఇంట్లో నన్నలా పెంచలేదల్లుడూ."

"పోనీ మనసులో లేవండి మావయ్యా."

"మనసులో లేత్తే ఆయనకెలా కనపడద్ది?"

అవతల కఫీల్ "యల్లా" అన్నాడు, ఇక కానివ్వమని. మావయ్య బండెక్కి ఒక వరస కోసుకుంటూ ఆయనకి ఎదురుగా వచ్చాడు. నడుం సీటు మీంచి లేవబోవడం నాకు కనిపిస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడు మావయ్య కూర్చునే కత్తులు ఆపాడు, బ్రేకు వేశాడు, తాళం తిప్పి ఇంజను కట్టేశాడు. అప్పుడు నింపాదిగా దిగి, నుదుటికి చెయ్యి ఆనించి సలాం చేసి, మళ్లీ ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. బండి మొదటి తిప్పుకే పలికింది.

కఫీల్ నా వైపు తిరిగి "జైన్" అన్నాడు. బాగుంది అని. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, చేతులతో, కూర్చుని లేచి సంగతంతా వివరించాను. ఎంత అర్థమైందో తెలియదు. మర్నాటి నుంచి మాత్రం ఆయన కారు గేటు దగ్గరే ఆపి, మావయ్య చివరి వరస కోసి దిగేదాకా లోపలే కూర్చునేవాడు.

ఆ వేసవంతా మావయ్యకి మోకాళ్లకిచ్చిన మాట తప్పే పని పడలేదు. ఇప్పుడు ఎప్పుడైనా తలుచుకుంటే, ఆ లాన్ అంచున నిలబడ్డ కుర్రాడు కళ్లముందుకొస్తాడు. మెడలో తీగలు వేలాడేసుకుని, ఏ తప్పూ పట్టని మీటరు చేత్తో పట్టుకుని, అంతా తనే బాగు చేసినట్టు గంభీరంగా ఉంటాడు. బాగు చేసింది మావయ్యరా అని వాడికి చెబుదామనిపిస్తుంది. మళ్లీ, పోనీలే, ఆ ఒక్క సాయంత్రం అలా ఉండనిద్దాం అనిపిస్తుంది.