లాల్ బాషా కాపాడిన కోట

ఉదయగిరి కొండ మీద రాజుల కాలంలో జరిగిన యుద్ధం గురించి ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. విజయనగరం రాయలవారు వచ్చి, గజపతుల చేతిలో ఉన్న కోటను ముట్టడించి పట్టుకున్నారు. ఏడాదిన్నర పట్టిందని పెద్దల మాట. 1986లో అదే కొండ మీద అదే యుద్ధం ఇంకోసారి జరిగింది. దాని సంగతి మాత్రం నన్నే అడగాలి, ఎందుకంటే అందులో నేను రాయలవారి సైనికుణ్ణి. మాది ఆత్మకూరు. చరిత్ర ప్రకారం గెలవాల్సిన వైపు. అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను గానీ, మధ్యలో ఎవరైనా నవ్వితే చెప్పడం ఆపేస్తాను.

ఆ రోజు కోటను కాపాడినవాడు లాల్ బాషా. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాడు. ఆ ఊళ్ళో కొన్ని సాయిబుల ఇళ్ళలో తాతల నాటి నుంచీ అదే పని. కొండ మీద నుంచి నర్ది కర్ర, కలివి కర్ర తెచ్చుకుంటారు. బాడిసతో చెక్కి, ఆకురాయితో రుద్ది, గరిటెలూ స్పూన్లూ ఫోర్కులూ తయారుచేస్తారు. లాల్ బాషా పనిలో కూర్చుంటే చూడాలి. కర్రను కాలివేళ్ళతో అదిమిపట్టి, రెండు చేతులా ఆకురాయి లాగుతాడు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే వరస. ఆ చేతులు ఇనుములా తయారయ్యాయంటే తయారవవూ మరి. మనిషి పొడుగూ కాదు, లావూ కాదు. పట్టుకుంటే మాత్రం వదలడు. ఎవరో చెబితే విని రాస్తున్న ముక్క కాదిది. నా చీలమండల్ని అడగండి.

అతను ఉదయగిరి చెడుగుడు జట్టుకు కెప్టెను. నేను ఆత్మకూరు జట్టుకు. 1972లో మొదలైంది మా ఇద్దరి తగువు. ఉద్యోగానికి తాలూకా ఆఫీసులో గుమాస్తానే అయినా, ఆ రోజుల్లో నా ధ్యాసంతా ఆట మీదే ఉండేది. ఏటా ఆత్మకూరు హైస్కూలు మైదానంలో పోటీలు పెట్టేవాళ్ళు. సంగం నుంచి, కలిగిరి నుంచి, వరికుంటపాడు నుంచి జట్లు వచ్చేవి. చివరికి మిగిలేది మేమూ ఉదయగిరివాళ్ళూ. గెలిచేది మేము. ఏళ్ళ తరబడి మేమే. లాల్ బాషా పట్టు గొప్పదే, కాదనను. కానీ అతనొక్కడే ఏం చేస్తాడు? మిగతావాళ్ళకు ఊపిరి తక్కువ, నోరు ఎక్కువ.

"ఏంది బాషా, గరిటెలు తెచ్చినారా? కూర్చోండి, అన్నం వడ్డిస్తాం" అని మావాళ్ళు ఏడిపించేవాళ్ళు. అతను తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. ఓడిన రోజు కూడా బస్సెక్కే ముందు నా దగ్గరకొచ్చి, "బాగా ఆడినావురా నరసయ్యా" అని చెయ్యి కలిపి పోయేవాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఓడినవాడు ఏడవకపోతే గెలిచినవాడికి సుఖమేముంది?

1985లో కర్ర కోసం కొండెక్కి, జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆత్మకూరు ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. పక్కన వాళ్ళమ్మ అమీనాబీ కూర్చుని విసనకర్ర విసురుతోంది.

"ఆట అయిపోయిందిరా నరసయ్యా" అన్నాడు. "కాలు పోయినందుకు గాదు నా బాధ. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మా ఊరోళ్ళ ముందర మిమ్మల్ని ఓడిచ్చుంటే, దీన్ని సంతోషంగా పోగొట్టుకునుందును."

తెచ్చిన బత్తాయిలు మంచం మీద పెట్టి వచ్చేశాను.

మరుసటి ఏడు హైదరాబాదు నుంచి టీవీవాళ్ళు జీపుల్లో దిగారు. పాత కోటల మీద డాక్యుమెంటరీలు తీస్తున్నారట. ఉదయగిరి యుద్ధానికి అరగంట కేటాయించారు. సైన్యం కావాలి, ఒంట్లో సత్తువున్న మగవాళ్ళను చూపించమని అడిగితే, ఎవడో మహానుభావుడు రెండూళ్ళ చెడుగుడు జట్లను చూపించాడు. కోటలోపలి సైన్యం ఉదయగిరి వాళ్ళు, ముట్టడించే సైన్యం మేము. లాల్ బాషాకు కోట దళవాయి వేషం ఇచ్చారు. అప్పటికి అతను నడుస్తున్నాడు గానీ, మోకాలికి గుడ్డ చుట్టుకునే నడుస్తున్నాడు. రెండు సైన్యాలకూ చెక్క కత్తులు చేసిందీ అతనే. ప్రతి కత్తి పిడి మీదా, స్పూను కాడ మీద చెక్కే పువ్వునే చెక్కాడు. చెయ్యి అలవాటు మానుకుంటుందా?

టీవీలో యుద్ధం ఎట్లా తయారవుతుందో ఆ రోజే తెలిసింది నాకు. పట్టుమని పాతికమందిమి లేము. కెమెరా ముందు నుంచి అరుస్తూ పరిగెత్తి, బండ చాటు నుంచి తిరిగొచ్చి మళ్ళీ పరిగెత్తితే వేలమందిమి అయిపోతామట. పాత టైర్లు తగలబెడితే పల్లెలు తగలబడినట్టట. ఒకచోట చచ్చినవాడు ఒళ్ళు దులుపుకుని లేచి, పాగా మార్చుకుని ఇంకోచోట చావాలి. రాజుగారు నెల్లూరులో నాటకాలాడే ఆయన. గుర్రం ఆత్మకూరు బస్టాండులో జట్కా లాగేది. ఆయన ఎక్కి కూర్చోగానే అది కోటకు వీపు తిప్పి ఇంటి దారి పట్టేది.

డైరెక్టరు వ్యాఖ్యానాన్ని హైదరాబాదులోనే రికార్డు చేయించుకుని తెచ్చుకున్నాడు. ఏం చెయ్యాలో మాకు అర్థం కావడానికని టేపు వేసి వినిపించాడు. గంభీరమైన గొంతు. "మహారాజు మెరుపుదాడికి కోట గడగడలాడింది. లోపలి సైన్యం చెల్లాచెదురై పారిపోయింది."

లాల్ బాషా చెయ్యెత్తాడు. "సార్, ఏడాదిన్నర పట్టిందంటారు గదా. మెరుపు అన్ని నెల్లు మెరిసిందా?"

డైరెక్టరు నవ్వాడు. మంచివాడే. "అరగంటలో ఏడాదిన్నర ఎట్లా చూపించమంటావు బాషా? టీవీలో గెలిచినవాళ్ళకే టైము సరిపోదు, ఇంక ఓడినవాళ్ళకు ఎక్కడ తెచ్చేది?"

"ఓడినారంటే ఒప్పుకుంటా సార్. పారిపోయినారంటేనే బాగలేదు. అన్నాళ్ళు తలుపు తియ్యకుండా లోపల ఉన్నోళ్ళు పారిపోతారా?"

"గొంతు రికార్డయిపోయిందయ్యా. ఇప్పుడు మార్చడానికి లేదు. మీరు కాసేపు పారిపోండి, చాలు."

వేడుక చూడ్డానికి ఉదయగిరి ఊరు ఊరంతా కొండెక్కి కూర్చుంది. అమీనాబీ కూడా మెల్లగా ఎక్కివచ్చి ఒక బండ మీద చతికిలబడింది. మా జట్టులో మస్తానయ్య నోరు ఊరుకోదు గదా. "బాషా, ఇంతకాలం ఆత్మకూరోళ్ళే చూసినారు మీరు ఓడేది. ఇప్పుడు రాష్ట్రమంతా చూస్తాది" అన్నాడు. లాల్ బాషా ముఖం మాడిపోయింది. నాకు సంతోషంగానే ఉండింది, అబద్ధమెందుకు?

సగం కొండ మీద ఒక రాతి వాకిలి ఉంది. మనుషులు ఒకరినొకరు తోసుకుంటే గాని పట్టనంత ఇరుకు. దాని గుండా మేము లోపలికి దూకాలి, వాళ్ళు మమ్మల్ని చూసి కొండ పైకి పారిపోవాలి. కెమెరాకు ఎంత మేర కనబడుతుందో గుర్తుండాలని, డైరెక్టరు తాలూకు మనిషి వాకిలికి అడ్డంగా సున్నంతో గీత గీశాడు. పాపం, అతను పట్నంవాడు. సున్నం గీతకు అటొక జట్టును, ఇటొక జట్టును నిలబెడితే ఏమవుతుందో అతనికేం తెలుసు?

డైరెక్టరు "యాక్షన్" అన్నాడు. ముందున్న మస్తానయ్య కత్తి కింద పడేశాడు. వంగి గీతను తాకి కళ్ళకద్దుకున్నాడు. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అని కూత పెట్టి కోటలోకి పోయాడు. వెనక మేమెవ్వరమూ కదల్లేదు. ఒకడు కూతకు పోయినప్పుడు ఇంకొకడు ఎట్లా పోతాడు? గీత ఇవతల వరసగా వంగి నిలబడ్డాం. అవతల ఉదయగిరివాళ్ళు అప్పటికే చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసు కట్టేశారు.

మస్తానయ్య దొరికిపోయాడు. కూత తెగింది. తల వంచుకుని బయటికొచ్చి గోడ పక్కన కూర్చున్నాడు.

"కట్! రాయలవారి సైన్యం చెడుగుడు ఆడిందా?" అని డైరెక్టరు అరిచాడు. "నువ్వెందుకయ్యా కూర్చున్నావు?"

"అవుటైనాను గదా సార్" అన్నాడు మస్తానయ్య.

కూత పెట్టవద్దన్నారు. సరేనని లోలోపల పెట్టుకున్నాం. అందరూ ఒక్కసారే దూకమన్నారు. దూకాం, కానీ వాకిట్లో ఇరుక్కుని, ముందున్నవాడు దొరికిపోయేవాడు. దొరికినవాడు ఎవరూ చెప్పకుండానే పోయి మస్తానయ్య పక్కన కూర్చునేవాడు. పోనీ శవాలుగానైనా పనికొస్తారని డైరెక్టరు వాళ్ళను పడుకోబెట్టాడు. అంతలో మావాడొకడు లోపల ఒకణ్ణి తాకి గీత దాటి వచ్చేసరికి, చచ్చిపడి ఉన్న మస్తానయ్య చెంగున లేచి వరసలోకొచ్చాడు. అవతలివాడు ఒకడు అవుటైతే మనవాడు ఒకడు లేవాలి గదా, ఆట నియమం.

"కట్, కట్! శవం లేచిందయ్యా!"

కొండ మీద జనం పడీపడీ నవ్వారు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. కెమెరా నడిపే పెద్దాయన మాత్రం ఎవరు కట్ అన్నా పట్టించుకోలేదు. కన్ను తియ్యకుండా తిప్పుతూనే ఉన్నాడు.

"బాషా, మీకు దండం పెడతాను. ఒక్కసారి పారిపోండయ్యా" అని డైరెక్టరు బతిమాలాడు.

"నేను సిద్ధమే సార్" అన్నాడు లాల్ బాషా, నా వైపు చూస్తూ. "నన్ను తాకి గీత అందుకోమనండి. అందుకుంటే మీరు చెప్పినట్టే పారిపోతాం, మా అమ్మ ముందరే. అందుకోలేదంటే మాత్రం మేం పారిపోయేది లేదు."

అప్పటికి పొద్దు వాలింది. మావైపు నేనొక్కణ్ణే మిగిలాను. కెమెరా పెద్దాయన ఇదే చివరి రీలు అన్నాడు. నవ్వుతున్న జనం లేచి నిలబడ్డారు. రాయలవారి సంగతి, టీవీ సంగతి అందరూ మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను.

గుండెల నిండా గాలి పీల్చి గీత దాటాను. ఎడమవైపు బెదిరించి కుడివైపు తిరిగాను. గొలుసు చెదిరింది. లాల్ బాషా ఒంటరిగా దొరికాడు. దెబ్బ తిన్న మోకాలి మీద అతను వేగంగా తిరగలేడని నాకు తెలుసు. భుజాన్ని తాకి వెనక్కి ఒక్క దూకు దూకాను. అయిపోయింది, గెలిచాననే అనుకున్నాను. అతను తిరగలేదు. ఆ మోకాలిని వదిలేసి, నిలువునా నేల మీదికి పడి నా చీలమండ అందుకున్నాడు. నేనూ పడ్డాను. గీత నా వేళ్ళకు జానెడు దూరంలో ఉంది. రాళ్ళలో గోళ్ళు దిగేసి ముందుకు పాకాను. అతను వెనక్కి లాగాడు. ఆకురాయిని పట్టుకుని బతికిన చేతులవి. ఎంత పెనుగులాడినా అంగుళం వదల్లేదు. నా ఊపిరి తెగింది.

కొండంతా ఒక్క అరుపు అరిచింది. అంత అరుపు మధ్యలోనూ అమీనాబీ గొంతు నాకు వినబడింది. "లాలూ, ఇంక ఇడువు నాయనా, పాపం ఆ బిడ్డ కాలు ఇరుగుతాది!"

వెలుతురు పోయింది. రీలూ అయిపోయింది. ఇక చేసేది లేక, ఉన్నదాన్నే ఎట్లాగో అతికిస్తానని డైరెక్టరు సామాను సర్దించాడు.

కొన్ని నెలల తర్వాత టీవీలో వేస్తున్నారని తెలిసింది. "నరసయ్యను గూడా వచ్చి చూడమను" అని లాల్ బాషా బస్సు డ్రైవరుతో కబురు పంపాడు. పోకపోతే పిరికివాడంటారని పోయాను. ఉదయగిరి పంచాయతీ ఆఫీసు వరండాలో టీవీ పెట్టారు. నెల్లూరు నుంచి వచ్చే బొమ్మ అందడానికి పొడుగాటి గొట్టానికి యాంటెన్నా కట్టి మేడ మీద నిలబెట్టారు. ఇసక వేస్తే రాలనంత జనం. వాళ్ళలో ఆత్మకూరువాణ్ణి నేనొక్కణ్ణే.

మొదట మ్యాపు, దాని మీద బాణం గుర్తులు. తర్వాత రాజుగారు, గుర్రం, టైర్ల పొగ. ఆ తర్వాత వాకిలి వచ్చింది. మావాళ్ళు దూకడం, లోపలివాళ్ళు ఈడ్చి పారెయ్యడం, మళ్ళీ దూకడం, మళ్ళీ ఈడ్చి పారెయ్యడం. డైరెక్టరు దగ్గర వేరే బొమ్మ లేదు మరి. చివరికి తెర నిండా నేను. బోర్లా పడి, నోరు తెరుచుకుని, కోటలో నుంచి బయటపడడానికి పాకుతున్నాను. నా కాలు పట్టుకుని లాల్ బాషా లోపలికి గుంజుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ గంభీరమైన గొంతు పలికింది. "లోపలి సైన్యం చెల్లాచెదురై పారిపోయింది."



"ఆ మాట్లాడేవోడికి కండ్లు ల్యావా?" అని అమీనాబీ గట్టిగా అడిగింది. "నా కొడుకు యాడ పారిపోయినాడు? పారిపోతా ఉండేది ఆ నరసయ్య గదా!"

వరండా కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత గోల. ఈలలు, కేకలు. తెర మీద గొంతు మహారాజు విజయాన్ని వర్ణిస్తూనే ఉంది, ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదు. లాల్ బాషా గోడకు ఆనుకుని నిలబడి ఏడుస్తున్నాడు. ఏళ్ళ తరబడి ఓడినప్పుడు ఒక్కసారీ ఏడవని మనిషి. నాకు సిగ్గేసింది, రోషం వచ్చింది, అంతకంటే ఎక్కువగా ఆనందం ముంచుకొచ్చింది. నేనూ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను.

తర్వాత జనాన్ని తోసుకుంటూ పోయి అతన్ని భుజాలకెత్తుకున్నాను. ఇంకో పక్క వాళ్ళ జట్టువాళ్ళు పట్టుకున్నారు. వీధిలోకొచ్చాం.

"దించరా నరసయ్యా, ఎందాక మోస్తావు?" అన్నాడు పైనుంచి, కళ్ళు తుడుచుకుంటూ.

"కోట గెల్చినోడివి నువ్వు" అన్నాను. "యాడ దించాల్నో నువ్వే చెప్పాల."

ఊరి కొస దాకా చెప్పలేదు వాడు.